రోజుకు మూడు పిడికిళ్లు

మన ప్రాంతంలో చాలామంది అమ్మల ఫోన్లలో వాతావరణం చూపేచోట రెండు ఊళ్లు కనిపిస్తాయి. ఒకటి సొంతూరు. నిర్మలో, భైంసానో, జగిత్యాలో, కరీంనగరో. రెండోది ఆ అమ్మ ఎన్నడూ చూడని ఊరు. డాలస్, చికాగో, టొరంటో. పొద్దున లేచి మొహం కడుక్కోకముందే ఆమె వేలు పోయేది ఆ రెండో ఊరి మీదికే. అక్కడ సున్నాకు కింద అంకె కనిపించిందంటే చాలు, ఇక్కడ వాకిట్లో ఎండ కాస్తున్నా ఆమెకు వణుకు పుడుతుంది.

మీ ఫోన్‌లోనూ అలాంటి రెండో ఊరు ఉందా? లేక ఆ రెండో ఊళ్లోనే, కిటికీ అవతల మంచు కురుస్తుంటే తలుపులన్నీ బిగించుకుని, ఈ మాటలు చదువుతున్నది మీరేనా?

ఎటువైపు ఉన్నా మీరు అలసిపోయి ఉంటారు. ఎదురుచూడటం కూడా ఒళ్లు హూనమయ్యే పనే. కాసేపు అన్నీ పక్కన పెట్టి ఇలా కూర్చోండి. ఇవాళ బాసర సరస్వతి అమ్మవారిని తలుచుకుంటూ నాలుగు మాటలు చెప్పుకుందాం.

2021లో వసంత పంచమి ఫిబ్రవరి 16న, మంగళవారం వచ్చింది. ఆ రోజు బాసర ఎలా ఉంటుందో మీకు తెలుసు. చీకటితోనే గోదావరి స్నానాలు. పిల్లల్ని చంకనెత్తుకుని వరుసలో నిలబడ్డ అమ్మానాన్నలు. చేతిలో కొత్త పలక, సంచిలో పసుపు, కుంకుమ, పూలు. అక్షరాభ్యాసం చేయిస్తున్న అయ్యగారు పిల్లవాడి చిట్టి వేళ్లు పట్టుకుని అక్షరం దిద్దిస్తుంటే, వాడి చూపు అక్షరం మీద ఉండదు, బలపాన్ని ఎప్పుడు నోట్లో పెట్టుకుందామా అని ఉంటుంది. అమ్మానాన్నల కళ్లు మాత్రం తడిగా ఉంటాయి. ఈ చెయ్యి రేపు ఎంత దూరం పోతుందో అని.

నిజమే, ఆ చేతులు చాలా దూరం పోయాయి. ఒకప్పుడు ఇదే గుడిలో ఓనమాలు దిద్దిన పిల్లలు ఎందరో ఆ రోజు టెక్సాస్‌లో, డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్‌లో, ఫ్రిస్కోలో, ప్లానోలో ఉన్నారు. వాళ్ల ఇళ్లలో కరెంట్ లేదు.

టెక్సాస్ ఎండల రాష్ట్రం. అక్కడి ఇళ్లు చాలావరకు వేసవిని దృష్టిలో పెట్టుకుని కట్టినవే. నీటి పైపులు అటకల మీదుగా, బయటి గోడల్లోంచి పోతాయి. అలాంటి చోట ఫిబ్రవరి రెండో వారంలో ఉత్తరం నుంచి గడ్డకట్టే గాలి దిగింది. మంచు పడింది. అందరూ ఒక్కసారిగా హీటర్లు పెట్టారు. సరిగ్గా అప్పుడే గ్యాస్ బావులు, పైపులు, విద్యుత్ కేంద్రాలు చలికి బిగుసుకుపోయాయి. ఫిబ్రవరి 15న అక్కడ అర్ధరాత్రి దాటి గంటన్నర కాకముందే కరెంట్ కోతలు మొదలయ్యాయి. మనకు అది మధ్యాహ్నం భోజనాల వేళ. కోతలు పెట్టకుండా ఇంకో ఐదు నిమిషాలు సాగి ఉంటే రాష్ట్రమంతా గ్రిడ్ కుప్పకూలి, తిరిగి లేవడానికి వారాలు పట్టేదని తర్వాత తెలిసింది. కోతలు ఉచ్చస్థాయిలో ఉన్నప్పుడు 45 లక్షల ఇళ్లూ దుకాణాలూ చీకట్లో ఉన్నాయి. 16వ తేదీ తెల్లవారేసరికి డాలస్ విమానాశ్రయం దగ్గర చలి మైనస్ 19 డిగ్రీల దాకా పడిపోయింది. 1949 తర్వాత అక్కడ అంత చలి లేదు. ఆ వేళకు మనకు వసంత పంచమి సాయంత్రం.

ఆ ఇళ్లలో ఎలా గడిపారో తర్వాత పిల్లలు చెబితే విన్నాం. అందరూ ఒకే గదిలోకి చేరారు. తలుపు కింది సందుల్లో తువాళ్లు కుక్కారు. ఇంట్లో ఉన్న దుప్పట్లు, రగ్గులు, అమ్మ కుట్టిచ్చిన బొంత, అన్నీ ఒకదాని మీద ఒకటి కప్పుకున్నారు. పైపులు పగలకుండా కుళాయిని సన్నని ధారగా వదిలారు. నీళ్లు ఆగిపోయినవాళ్లు వాకిట్లో మంచును బకెట్లకెత్తి, కరిగించి బాత్రూంలో వాడుకున్నారు.

ఇక ఫోన్. అది నిమిషాల లెక్కన నడిచింది.

"తిన్నవా బిడ్డా?"

"తిన్ననమ్మా."

"కరెంటొచ్చిందా?"

"వస్తదంటున్నరు. ఛార్జింగ్ తక్కువుంది, మళ్ల చేస్తా."

"పైలం బిడ్డా."

అంతే. ఇటు తల్లి తన భయం చెప్పలేదు. అటు బిడ్డ తన చలి చెప్పలేదు. ఒకరిని ఒకరు కాపాడుకోవాలని ఇద్దరూ ఏడుపు దాచుకున్నారు. ఫోన్ పెట్టాక అసలు తుఫాను మొదలైంది, మనసులో.

ఆ తుఫాను మీకు తెలుసు కదా? మళ్లీ ఫోన్ రాకపోతే? పసిపిల్లకు జ్వరం వస్తే? పైకప్పు మీద మంచు పేరుకుంటే? ఒక ప్రశ్నకు జవాబు దొరికేలోగా పది ప్రశ్నలు లేస్తాయి. చేతులు ఖాళీగా ఉంటాయి, గుండె మాత్రం పరుగెడుతూనే ఉంటుంది. కూర్చున్న చోటినుంచి కదలకుండానే మనిషి అలసిపోతాడు.

ఇలా అలసిపోయిన మనిషి ఒకరు ఎప్పుడో మన గోదావరి ఒడ్డుకు వచ్చారు. బాసర స్థలపురాణం చెప్పేది ఆయన కథే.

కురుక్షేత్రం ముగిసింది. కళ్లముందే తన వంశం నేలకొరిగింది. వేదాలను విభజించిన వ్యాసుడంతటి వాడికి కూడా మనసు నిలవలేదు. ఎక్కడన్నా నెమ్మది దొరుకుతుందా అని శిష్యులతో దండకారణ్యం వైపు నడిచి, గోదావరి గట్టున ఆగారు. అక్కడ ఆయన చేసింది ఎంత చిన్న పనో చూడండి. రోజూ నదిలో స్నానం చేసి, మూడు పిడికిళ్ల ఇసుక తెచ్చి, మూడుచోట్ల పోశారు. మర్నాడు మళ్లీ మూడు పిడికిళ్లు. ఆ ఇసుకే ముగ్గురమ్మలుగా రూపు దిద్దుకుంది. సరస్వతి, లక్ష్మి, కాళి. ఇవాళ మనం పసుపు ముద్దతో కప్పి కొలుచుకునే ఆ తల్లి రూపం అలా ఏర్పడిందని పెద్దలు చెబుతారు. దర్శనమయ్యాక పొట్లం కట్టి ఇంటికి తెచ్చుకునే ఆ చిటికెడు పసుపు వెనక ఇంత కథ ఉంది.

ఆ కథలో నా మనసు ఎప్పుడూ ఆగేది ఒక చోటే. అంత పెద్ద దుఃఖంతో వచ్చిన మనిషి, అంత చిన్న కొలత పెట్టుకున్నారు. తట్ట కాదు, బండి కాదు, పిడికిలి. రేపటి ఇసుక ఇవాళే మోసుకొచ్చుకోలేదు. నెమ్మది దొరికాక మొదలుపెడదామని కూర్చోలేదు. మనసు కలతగా ఉండగానే చెయ్యి కదిలింది. చెయ్యి కదులుతూ ఉండగా మనసు కుదుటపడింది.

అమ్మ మనల్ని కూడా అడిగేది అంతే. గుట్టంత చింతను ఒక్కరోజులో దించమనదు. ఇవాళ్టి మూడు పిడికిళ్లు చాలంటుంది. అవేమిటో చూద్దాం.

మొదటి పిడికిలి, చేతికి అందిన పని.

టెక్సాస్ చలిలో ఆ పిల్లలను నిలబెట్టినవి పెద్ద ఉపాయాలు కావు. సందులో కుక్కిన తువాలు, సన్నగా వదిలిన కుళాయి, పిల్లల తలకు కట్టిన మఫ్లర్. ఒక పని, దాని తర్వాత ఇంకొకటి. రాత్రి అలా గడిచింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ తుఫానులో టెక్సాస్‌లో 246 మంది ప్రాణాలు పోయాయని అక్కడి ఆరోగ్య శాఖ లెక్క తేల్చింది. ఎక్కువమంది చలికే పోయారు. కొందరు మాత్రం వెచ్చదనం కోసం మూసిన గదిలో బొగ్గు రాజేసి, మూసిన గ్యారేజీలో కారు ఆన్ చేసి, ఆ పొగలోని విషవాయువుకు పోయారు. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. ఇది మనకూ వర్తిస్తుంది. డిసెంబర్, జనవరి నెలల్లో ఆదిలాబాద్ పల్లెల్లో చలి ఒక్క అంకె డిగ్రీలకు దిగుతుంది. పిల్లలకు వెచ్చగా ఉంటుందని కుంపటి గదిలో పెట్టి తలుపులు మూసుకుంటారు. దయచేసి అలా చేయకండి. చలిమంట బయటే కాచుకోండి. గదిలోకి గొంగడి చాలు.

అమ్మవారి గురించి మాట్లాడుతూ కుంపటి సంగతి ఎందుకంటారా? మన అమ్మ చదువుల తల్లి. మనకున్న తెలివి ఆమె పెట్టిన భిక్షే. దాన్ని వాడుకోవడం కూడా ఆమె పూజే. దీపం పెట్టి దండం పెట్టిన చేత్తోనే కిటికీ రెక్క కొంచెం తెరవండి. నమ్మకానికి, జాగ్రత్తకు తగువు లేదు.

ఇంకో మాట. ఆ 246 మందికి కూడా వాళ్ల కోసం దేవుణ్ని వేడుకున్న అమ్మలు ఉండే ఉంటారు. వాళ్ల భక్తి చాలలేదని ఎవరైనా అంటే నమ్మకండి. అమ్మ తన బిడ్డల్ని భక్తి తూకం వేసి కాపాడదు. కష్టం ఎందుకు కొందరి గుమ్మం దాటి లోపలికి వస్తుందో మనకు అర్థం కాదు. వచ్చిన గుమ్మంలో అమ్మ కూడా ఉంటుందన్నదే నా నమ్మకం. మీరు అలాంటి దుఃఖంలో ఉండి ఇది చదువుతుంటే, మీ కన్నీళ్లు ఆమెకు తెలుసు. వాటికి ఆమె దగ్గర చోటుంది.

రెండో పిడికిలి, ఇంకొకరి తలుపు.

ఆ రోజుల్లో డాలస్‌లో ఒక వింత జరిగింది. ఆసుపత్రికో, అగ్నిమాపక కేంద్రానికో పోయే లైను మీదున్న ఇళ్లకు కరెంట్ ఆగలేదు. దాంతో వీధికి ఒకవైపు దీపాలు, ఇంకోవైపు చీకటి. అప్పుడు వెలుగున్న ఇళ్లవాళ్లు ఎందరో చీకట్లో ఉన్నవాళ్లను లోపలికి పిలిచారు. అది కరోనా కాలం. మనిషిని మనిషి దగ్గరికి రానివ్వని రోజులు. అయినా తలుపులు తెరుచుకున్నాయి. పేరైనా తెలియని పొరుగువాళ్లు ఒకే హాల్లో పక్కలేసుకుని పడుకున్నారు.

కానీ తలుపు తట్టడం అందరికీ తేలిక కాదు కదా? "ఎట్ల అడుగుతం, ఏమనుకుంటరో" అని చలిలోనే కూర్చున్నవాళ్లు కూడా ఉంటారు. మీరు ఎప్పుడైనా అలా కూర్చున్నారా? ఇవాళ కూర్చుని ఉన్నారా?

అందుకు కూడా బాసరలో ఒక పాఠం ఉంది. అమ్మవారి దీక్ష తీసుకున్నవాళ్లు మధుకరం చేస్తారు. 11 రోజులో, 21 రోజులో, 41 రోజులో గుడి దగ్గరే ఉండి, ఊళ్లో ఇంటింటికీ పోయి భిక్ష అడిగి, వచ్చింది తింటారు. తమ ఊళ్లో పెద్ద ఉద్యోగం, సొంత ఇల్లు, నలుగురిలో పేరు ఉన్నవాళ్లు కూడా జోలె పట్టుకుని ఒక గుమ్మం ముందు నిలబడతారు. లోపలినుంచి ఒక తల్లి వచ్చి పిడికెడు అన్నం పెడుతుంది. పెట్టిన ఆమె ఎక్కువా కాదు, తీసుకున్న ఆయన తక్కువా కాదు. ఇద్దరి మధ్యా ఉన్నది అమ్మవారే.

అడగడం చిన్నతనం అయ్యుంటే, దీక్షలో దానికి చోటుండేది కాదు. అమ్మ మనకు సాయం పంపేది మనుషుల చేతులతోనే. ఆ చేతులకు మన అవసరం తెలియాలి. "బాగానే ఉన్నం" అని రోజూ అనే మాటను ఒక్కసారి పక్కన పెట్టి, "నాకు భయమైతుంది, కాసేపు మాట్లాడు" అని ఒక్కరితో అని చూడండి. లేదంటే మీ వీధిలో దీపం లేని ఇల్లు ఏదైనా ఉందేమో చూసి, మీరే పోయి పలకరించండి. అడిగినా, ఇచ్చినా అది రెండో పిడికిలే.

మూడో పిడికిలి, అమ్మకు అప్పగించేది.

చేయగలిగింది చేశాక, అడగాల్సింది అడిగాక, ఇంకా కొంత మిగులుతుంది. ఆ మంచును మీరు కరిగించలేరు. అక్కడ కరెంట్ తీగను మీరు అతకలేరు. అంత దూరంలో ఉన్న బిడ్డ పాదాలు తాకి చల్లగా ఉన్నాయో లేదో చూడలేరు. రాత్రంతా మేల్కొని ఉన్నా ఆ మూడింటిలో ఒక్కటీ మారదు. మరి ఆ భారాన్ని ఎవరి దగ్గర పెడతారు?

ఒకటి ఆలోచించండి. చలికాలంలో డాలస్‌కూ మనకూ పదకొండున్నర గంటల తేడా. అక్కడ చీకటిపడి, మీ బిడ్డ దుప్పట్లో ముడుచుకుంటున్న వేళకు ఇక్కడ తెల్లవారి గుడిలో గంట మోగుతోంది. ఇక్కడ మీరు దీపం తగ్గించి పడుకునే వేళకు అక్కడ సూర్యుడు మంచు మీదికి వస్తున్నాడు. మన కన్ను ఒక్కవైపే చూస్తుంది. అమ్మకు రెండు వైపులూ ఒక్కటే. మీరు నిద్రపోతే మీ బిడ్డ మీద కాపలా పోయిందని భయపడకండి. ఆ కాపలా ఎన్నడూ మీ ఒక్కరిదే కాదు. మీరు కన్నారు, పెంచారు, అక్షరం దిద్దించి ఆమె ఒడిలో పెట్టారు. అప్పుడు అందుకున్న చెయ్యి ఇప్పుడు విడుస్తుందా?

ఆ తుఫాను కూడా నిలవలేదు. వారం తిరిగేసరికి డాలస్‌లో మంచు కరిగింది. కరెంట్ వచ్చింది. పగిలిన పైపులు బాగుచేసుకున్నారు, తడిసిన తివాచీలు ఎండబెట్టుకున్నారు. ఇళ్లు మళ్లీ వెచ్చబడ్డాయి.

మీ ఇంట్లో ఇవాళ ఉన్న తుఫాను వేరే కావచ్చు. దుబాయిలో పని పోయిన అన్న కావచ్చు. ఇంకా రాని ఆసుపత్రి రిపోర్టు కావచ్చు. తీరని అప్పు, మాట్లాడని కొడుకు, పరీక్ష తప్పిన బిడ్డ కావచ్చు. బయట ఎండే ఉన్నా లోపల గడ్డకట్టిన రోజులు ఉంటాయి. వాటికీ కొలత అదే. అంతా ఇవాళే తేలిపోవాలని లేదు. ఇవాళ్టికి పిడికిలి చాలు. అలసిపోయిన రోజున పిడికిలి కూడా నిండకపోతే, చిటికెడైనా సరే. చేసినదాన్ని అమ్మ ఎంత అని అడగదు.

ఇప్పుడు రెండు నిమిషాలు కళ్లు మూసుకోండి. మిమ్మల్ని ఎక్కువగా పీడిస్తున్న చింత ఏది? దానికి పేరు పెట్టి అమ్మతో చెప్పండి. అందమైన మాటలు అక్కరలేదు, ఇంట్లో మాట్లాడే మాటలే చాలు.

ప్రార్థన

అమ్మా, జ్ఞాన సరస్వతీ, నా మనసు నిలవడం లేదు. దూరాన ఉన్న నా వాళ్లను నువ్వు చూసుకో. ఇవాళ నేను చేయాల్సిన పని ఏదో నాకు చూపించు, దాన్ని చేసే ఓపిక ఇవ్వు. అడగడానికి సిగ్గుపడే నా నోటికి మాట ఇవ్వు. చలిలో, చీకట్లో, ఒంటరిగా ఉన్న ప్రతి ఇంటికీ ఒక పొరుగువాణ్ని పంపు. అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్ల పక్కన కూర్చో. నా వల్ల కానిది నీ దగ్గర పెడుతున్నాను, తీసుకో తల్లీ.

నేటి సంకల్పం

చాలా రోజులుగా వాయిదా వేస్తున్న ఒక చిన్న పని ఇవాళ పూర్తిచేస్తాను. నా వాళ్లలో ఒకరికి నా మనసులోని మాట దాచకుండా చెబుతాను, వాళ్ల మాట తొందరపెట్టకుండా వింటాను. నా చేతిలో లేని చింత ఒకదాన్ని అమ్మ పాదాల దగ్గర దించి, రాత్రి వేళకు అన్నం తిని, వేళకు పడుకుంటాను. రేపటివి రేపు.